సీతజడ ఎరుపు

మా అత్తగారు హైమావతి గారు మొదటిసారి మౌస్ పట్టుకున్నది రెండువేల పది ఆగస్టులో, ఆవిడకి యాభై తొమ్మిదేళ్ళప్పుడు. పట్టుకున్నారు అనడం కూడా మర్యాదకే. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి కొడుతుందేమోనని రెండు వేళ్ళతో పట్టుకుంటామే, అలాగ. వానాకాలం అయ్యేసరికి అదే మౌస్‌తో ఆవిడ చేసిన పని చూసి, ఎనిమిదేళ్ళుగా ఆ పని మీదే బతుకుతున్న నేను నా కుర్చీ ఆవిడకి వదిలేసి పక్కన స్టూలు వేసుకున్నాను. ఒక కోడలు అత్తగారిని ఇంతలా మెచ్చుకుంటే ఎవరూ నమ్మరని తెలుసు. నమ్మకపోతే మీ ఇష్టం.

మాది నాచారం. మామగారు సీతారామయ్య గారు తెనాలి నుంచి వచ్చి చౌరస్తాలో ఫోటో స్టూడియో పెట్టి పాతికేళ్ళ పైన నడిపారు. ఊరంతా కలర్ ఫిల్ములోకి మారినా ఆయన మారలేదు. "చూడటం రానివాడికే రంగు కావాలి" అనేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ మూడు కాళ్ళ మీదే స్టూడియో కుంటుకుంటూ నడిచి, నేను కాపురానికి వచ్చేనాటికే మూతపడింది. మా ఆయన గౌతమ్ కాలేజీ రోజుల్లో కలర్ కెమెరా కొందామని బతిమాలితే, నెల రోజులు కొడుకుతో మాట్లాడలేదట. నాకు ఆ కథ తెలిసినప్పటి నుంచీ మామగారంటే భయం కన్నా ఒళ్ళుమంట ఎక్కువ. నేను ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని బడి పుస్తకాలకి పేజీలు, బొమ్మలు సర్దే పని చేసేదాన్ని. ఆయన నా గది గుమ్మంలోకి కూడా వచ్చేవారు కాదు.

ఆ ఆగస్టులో ఒక ఆదివారం వీరేందర్ వచ్చాడు. ఉప్పల్ బస్టాండు దగ్గర పూలమ్మే సక్కుబాయి కొడుకు. చర్లపల్లిలో ఏదో కంపెనీలో పని. మూసీ ఒడ్డున ఉప్పల్ తోటలుండే రోజుల్లో వాళ్ళ కుటుంబానిదే పెద్ద పూలతోట. మామగారు స్టూడియోకి సెలవైన ప్రతి మంగళవారం సైకిలు మీద ఆ తోటకి వెళ్ళి పూలు ఫోటోలు తీసేవారట. నాకా సంగతి అప్పుడే తెలిసింది.

"మా తోట ఫోటోలు మీ దగ్గరున్నయని మా అమ్మ జెప్పింది సార్. ఈసారి బతుకమ్మకు ఉప్పల్ల కమ్యూనిటీ హాల్ల వెడ్దామనుకుంటున్నం. ఆడ తోటలుండెనంటే మా పోరగాళ్ళు నమ్ముతలేరు" అన్నాడు వీరేందర్.

మామగారి మొహం వెలిగిపోయింది. అటకమీది రేకుపెట్టె దింపించారు. అందులో నలభై దాకా ఫోటోలు. నా ఒళ్ళుమంట సంగతి పక్కన పెట్టి చెప్తున్నాను, అలాంటి ఫోటోలు నేను ఇంతవరకూ చూడలేదు. తంగేడు గుత్తి మీద ఎండ, గుమ్మడిపువ్వు లోపలి నీడ, గునుగు కంకుల మీద మంచు. సీతజడ పువ్వు ఒకటుంది, కోడిజుట్టులా ముడతలు పడి ఉంటుందే, అది. ఒక్కో ముడతా వేలు పెడితే మెత్తగా దిగుతుందేమో అన్నట్టుంది. వాటిలో ఉన్నది నలుపూ తెలుపే. వాటి మధ్య ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టలేం.

వీరేందర్ కూడా చాలాసేపు చూశాడు. తర్వాత తల గోక్కున్నాడు.

"మస్తున్నయ్ సార్. గానీ జర రంగులుంటే బాగుండు. బతుకమ్మ పూలను గిట్ల నలుపు తెలుపుల వెడితే, ఏందిరా దినాలకు వెట్టిన్రా అంటరు మా అమ్మలక్కలు."

మామగారు ఫోటోలన్నీ మళ్ళీ పెట్టెలో సర్దడం మొదలుపెట్టారు. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"రంగులు నేను వేస్తాను బాబూ. పన్నెండు ఫోటోలు చాలా?"

మామగారు ఆగి ఆవిడ వైపు చూశారు. కోప్పడతారనుకుంటే, "నీ వేళ్ళు వంగడం లేదు కదా హైమా, కుంచె పట్టగలవా?" అన్నారు మెల్లగా.

స్టూడియో రోజుల్లో పెళ్ళి ఫోటోలకీ షష్టిపూర్తి ఫోటోలకీ చేత్తో రంగులు అద్దింది అత్తగారేనని అలా తెలిసింది నాకు. ఊళ్ళో పేరు మాత్రం సీతారామయ్య గారి ఫోటోలనే. ఆవిడ తెర వెనక నేల మీద కూర్చుని, రంగుకాగితం ముక్క నీళ్ళలో నానబెట్టి, అగ్గిపుల్లకి దూది చుట్టి అద్దేవారట. ఇప్పుడు కీళ్ళనొప్పులతో ఆ వేళ్ళు గట్టిపడిపోయాయి. నా నోరు ఊరుకోదు కదా, "కంప్యూటర్‌లో వేద్దాం అత్తయ్యా, నేను నేర్పిస్తా" అనేశాను.

నేర్పిస్తానన్నదాన్ని నేనే నేర్చుకున్నాను. ఫోటోలు స్కాన్ చేసి తెర మీద పెట్టి, రంగు పెట్టె చూపించి, బ్రష్ చూపించి, "తప్పు పోతే భయం లేదత్తయ్యా, ఇది నొక్కితే వెనక్కి వెళ్ళిపోతుంది" అని చెప్పాను.

"తప్పు చేసినా పోతుందంటే ఇంక చెయ్యి ఎందుకు నేర్చుకుంటుంది అమ్మాయ్? దాన్ని తీసెయ్" అన్నారు.

అది తీసేసేది కాదని చెప్పినా ఆవిడ చివరిదాకా దాన్ని ముట్టుకోలేదు. నాకైతే రంగు వేయడమంటే పువ్వు చుట్టూ గీత గీసి లోపల పసుపు పోయడమే. గుమ్మడిపువ్వుకి అలా వేసి చూపించాను, మూడు నిమిషాల పని. ఆవిడ పరీక్షగా చూసి, "బాగుంది, ప్లాస్టిక్ పువ్వులా ఉంది" అన్నారు. మెచ్చుకోలు అనుకుని సంతోషించాను కూడా.

ఆవిడ పద్ధతి వేరు. రంగు బలాన్ని నూటికి ఎనిమిదికి దించమన్నారు. ఉందా లేదా అన్నంత పల్చన. ముందు పువ్వంతా ఒక పూత, దాని మీద లేత ఆకుపచ్చ ఒక పూత. "పసుప్పచ్చ పువ్వులో ఆకుపచ్చ ఎందుకత్తయ్యా?" అంటే, "తొడిమ దగ్గర ఇంకా మొగ్గతనం పోలేదు చూడు" అన్నారు. ఒక్క గుమ్మడిపువ్వుకి పదకొండు పూతలు, నాలుగు మధ్యాహ్నాలు. బయట వాన, పక్కన చల్లారిపోయిన కాఫీ. ఆ మొరటు వేళ్ళు మౌస్‌ని గడపకి ముగ్గు వేసినట్టు నెమ్మదిగా నడిపించేవి. నాలుగోరోజు తెర మీద పువ్వు చూసి, నేను వేసిన ప్లాస్టిక్ పువ్వుని చెరిపేశాను. మామగారి మెట్లలో ఒక్కటీ చెరగలేదు, ఒక్కో మెట్టు మీదా ఆవిడ రంగు కాలు జారకుండా నిలబడింది.

అప్పటి నుంచి మామగారు నా గదిలోకి రావడం మొదలుపెట్టారు. వెనకాల చేతులు కట్టుకుని నిలబడేవారు. "ఊఁ" అనేవారు, వెళ్ళిపోయేవారు. తంగేడు, బంతి, గుమ్మడి, కట్లపువ్వు అన్నీ ఆ "ఊఁ"తో గట్టెక్కాయి.

సెప్టెంబరు చివర్లో సీతజడ దగ్గరికి వచ్చాం. అత్తగారు దాన్ని కావాలనే వెనక్కి నెడుతూ వచ్చారని నాకు తర్వాత అర్థమైంది. అయిదు మధ్యాహ్నాలు కూర్చుని ఆ పువ్వుకి ఎరుపు ఎక్కించారు. నల్లబడబోయే ఎరుపు, ముడతల్లో రాణిరంగు, చుట్టూ ముదురు ఆకులు. ఎంత నిండుగా వచ్చిందంటే, వేలితో తాకితే అంటుకుంటుందేమో అనిపించింది. అప్పుడే మామగారు వచ్చి నిలబడ్డారు. చాలాసేపు చూశారు.

"ఇంకా పువ్వుకి రంగు వేయలేదే? ఆకూ పువ్వూ ఒక్కలాగే ఉంచేశావు" అన్నారు.

ఎత్తిపొడుపు అనుకుని నేను పకపకా నవ్వాను. ఆ గదిలో నవ్వింది నేనొక్కదాన్నే. అత్తగారు తెర మీంచి చూపు తిప్పకుండా, "ఇంకా కాలేదండీ, రేపటికి అవుతుంది" అన్నారు.

మర్నాడు ఆవిడ చేసిన పనికి నా ప్రాణం ఉసూరుమంది. ఎరుపు మీద తెలుపు కలిపి పువ్వుని వెలిసిపోయిన గులాబీ చేసేశారు. ఆకుల్ని నలుపనిపించేదాకా చీకటి చేశారు. "అదేంటత్తయ్యా, నిన్నటిదే కదా బాగుంది!" అన్నాను. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నారు. నాతో అంత కటువుగా మాట్లాడటం అదే మొదటిసారి. సాయంత్రం మామగారు వచ్చి చూసి, "ఇప్పుడు విడిగా తెలుస్తోంది" అని వెళ్ళిపోయారు.

రెండ్రోజుల తర్వాత సక్కుబాయి వచ్చింది, పూలగంప గుమ్మంలో దించి, ఫోటోలు ఎంతవరకొచ్చాయో చూసిపోదామని. గుమ్మడిపువ్వు చూసి బుగ్గలు నొక్కుకుంది. తంగేడు చూసి, "అయ్యో మా అత్త తోటనే!" అని కళ్ళు తుడుచుకుంది. సీతజడ దగ్గర ఆగిపోయింది.

"గిదేం పువ్వమ్మా?"

"సీతజడే కదా సక్కుబాయీ" అన్నారు అత్తగారు.

"గిది సీతజడ గాదమ్మా. సీతజడ నెత్తురు తీరుగుంటది. నా సేతులతో నాటిన సెట్టు, నాకెర్కలేదా? గిట్లనే వెడితే మావోళ్ళు నవ్వుతరు. అసలే ఇప్పటి దినాలు నీకెర్కే గదా. పటం దీసినాయన ఆంధ్రాయన గద, మన పువ్వు రంగు ఆయనకేమెర్క అంటరు. సారును అంటే నాకు పానం మీదికొస్తది."

అది నిజమే. ఆ ఏడాది చౌరస్తాలో టీ తాగాలన్నా ఎవరే ఊరివాళ్ళో చూసుకునే రోజులు. సక్కుబాయి వెళ్ళాక అత్తగారు వంటింట్లో పీట వేసుకుని కూర్చుండిపోయారు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. అప్పటికి నాకు సగం అర్థమైంది.

"మామయ్యగారికి ఎరుపు కనపడదా అత్తయ్యా?"

ఆవిడ హాలు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"పెళ్ళైన ఏడాదికి తెలిసింది. పెరట్లో పండు మిరపకాయలు కోసుకురండి, పచ్చడి చేస్తాను అంటే, పచ్చివీ పండువీ కలిపి కోసుకొచ్చారు. నేను నవ్వాను. ఆయన మొహం చూసి మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు. ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే అమ్మాయ్. ఫోటోలు తీసేవాడికి రంగులు తెలీవని బయటపడితే ఇంకేముంది? అందుకే కలర్ జోలికి పోలేదు. పొగరని అందరూ అన్నారు, గౌతమ్ కూడా. అననిచ్చాను. తెలీదు అనిపించుకోవడం కన్నా పొగరు అనిపించుకోవడం ఆయనకి నయం."

"మరి తెర వెనక కూర్చున్న మీకు చీరల రంగులు ఎలా తెలిసేవి?"

"ఫోటో దిగడానికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చే వంకతో నేను వెళ్ళేదాన్ని. చూసొచ్చి ఫోటో వెనక పెన్సిలుతో రాసుకునేదాన్ని. రంగు వేశాక ఆయన చూస్తారు కదా, అందుకని చీర చుట్టూ చీకటి ఎక్కువ చేసేదాన్ని, ఆయనకి విడిగా తెలియడానికి. జనం అదే బాగుందన్నారు. పెళ్ళికూతురు దీపం పెట్టినట్టుంది అన్నారు. మాకు పేరొచ్చింది దానితోనే."

"ఆయనకి మీకు తెలుసని తెలుసా?"

"నేను అడగలేదు. ఆయన చెప్పలేదు."

ముప్ఫై ఎనిమిదేళ్ళు! మూతపడిన ఆ స్టూడియోని తలుచుకుని ఎన్నిసార్లు మూతి విరిచానో గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయన మీద ఒళ్ళుమంట ఎక్కడ పోయిందో తెలియదు. కానీ పువ్వు సంగతేమిటి? నిజమైన ఎరుపు వేస్తే, అందరి మధ్య తన ఫోటో ముందు నిలబడి అందులో పువ్వెక్కడుందో ఆయనకే తెలియదు. ఎవరో ఒకరు ఏదో అడుగుతారు, ఈయన ఏదో చెప్తారు, గుట్టు బయటపడుతుంది. వెలిసిన గులాబీ ఉంచితే, సక్కుబాయి చెప్పినట్టు ఊరు నవ్వుతుంది. ఎటు చూసినా నవ్వులపాలయ్యేది ఆయనే. ఆ రెండింటి మధ్య ఆవిడ నలిగిపోయారు. మూడు రోజులు కంప్యూటర్ ముందుకి రాలేదు. ప్రింట్లు వేయడానికి హబ్సిగూడ ల్యాబ్‌కి ఫైళ్ళు ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది.

పండగ మొదటిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాటి ఉదయం ఆవిడ నన్ను తీసుకుని ఉప్పల్‌లో సక్కుబాయి ఇంటికి వెళ్ళారు. వాకిట్లో మూడు బకెట్లలో రంగునీళ్ళు. సక్కుబాయి తెల్లటి గునుగు కంకుల్ని కట్టలు కట్టి వాటిలో ముంచి తీస్తోంది. మోచేతుల దాకా ఎరుపూ నీలం.

"నువ్వు ఫోటోల మీద అద్దుతవు, మేం పువ్వు మీదనే అద్దుతం" అని నవ్వింది.

"ఎందుకు సక్కుబాయీ, తెల్లగానే బాగుంటుంది కదా?" అన్నారు అత్తగారు.

"సేతిల వట్టుకుంటే బాగనే ఉంటది. బతుకమ్మల వెడితే దూరంకెళ్ళి ఆనది గదమ్మా. బతుకమ్మంటే ఒక్కళ్ళ కోసం పేర్చేదా? సెరువు ఆ గట్టున ఉన్నోళ్ళకు గూడ కానరావాలె."

అత్తగారు పక్కన కూర్చుని ఒక కట్ట తీసుకుని రంగులో ముంచారు. ముంచి, ఎత్తి, నీళ్ళోడ్చి, మళ్ళీ ముంచారు. "గంత సేపెందుకమ్మా!" అని సక్కుబాయి విసుక్కుంది కూడా.

ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా నా గదిలోకి నడిచారు. పాత ఎరుపు నేను దాచి ఉంచాను, చెరిపేయడానికి మనసొప్పక. అది తెర మీద పెట్టగానే ఆవిడ నా భుజం తట్టి, ఇంకో రెండు పూతలు వేశారు. తర్వాత హాల్లోకి కేకేశారు.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

ఆవిడ ఆయన్ని అలా పిలవడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. ఆయన వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని చూశారు.

"ఇది ఎరుపండీ. మీకు ఆకుతో కలిసిపోతుంది. కానీ పువ్వు రంగు ఇదే" అన్నారు అత్తగారు.

బయట కూరగాయల బండివాడు అరుస్తూ వెళ్ళాడు. ఆయన వెనక కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"ఎక్కడ?" అన్నారు.

అత్తగారు లేచి, ఆయన చూపుడు వేలు పట్టుకుని తెర మీద పెట్టారు. పువ్వు అంచు వెంట నెమ్మదిగా తిప్పారు, ప్రతి ముడతలోకీ దింపి పైకి తీస్తూ. "ఇక్కడిదాకా పువ్వు. ఇది ఆకు. మళ్ళీ ఇక్కడ పువ్వు" అని చెప్తున్నారు. అక్షరాభ్యాసంలో బియ్యం మీద వేలు పట్టి దిద్దిస్తున్నట్టుంది. నేను స్టవ్ మీద పాలున్నాయని అబద్ధం చెప్పి అక్కడి నుంచి లేచిపోయాను.

పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఉప్పల్ హాలు ఆడవాళ్ళతో కిటకిటలాడింది. పన్నెండు ఫోటోలూ నిలువెత్తున వేలాడుతున్నాయి. అన్నిటికన్నా ఎక్కువమంది సీతజడ దగ్గరే. ముసలమ్మలు దాన్ని తడిమి చూస్తున్నారు. సక్కుబాయి దాని ముందు నుంచి కదలకుండా, వచ్చినవాళ్ళందరికీ "గిది మా తోటది" అని చెప్తోంది. మామగారు ఉతికిన చొక్కాలో పక్కన నిలబడ్డారు. అత్తగారు ఆయనకి ఒక్క అడుగు దూరం పోకుండా, ఎవరైనా ఏమైనా అడిగితే తనే అందుకుందామన్నట్టు ఉన్నారు.

అడగనే అడిగింది ఒకావిడ, వీరేందర్ మేనత్తట.

"సారూ, పాత ఫోటోల గింత ఎరుపు ఎట్లొచ్చింది? గప్పటి రంగు మీకు గింత యాదికున్నదా?"

అత్తగారు నోరు తెరిచేలోపల ఆయనే అందుకున్నారు.

"నాకు ఎరుపు కనపడదమ్మా, పుట్టుక నుంచీ. ఫోటో వరకే నాది. రంగు మా ఆవిడది, ఆవిణ్ణే అడగండి" అన్నారు, కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయొచ్చాను అన్నంత మామూలుగా.

"గట్లనా!" అని ఆవిడ అత్తగారి వైపు తిరిగింది. మరో నలుగురూ తిరిగారు. ఎవరూ నవ్వలేదు. అత్తగారు మాత్రం చెప్పాల్సింది మరిచిపోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయారు. చివరికి సక్కుబాయే, "పదమూడుసార్లు అద్దిందట మా అమ్మ!" అని గొప్పగా చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్తగారు ఆయన్ని దులిపేశారు. "అందరి ముందూ అలా చెప్పేయాలా? ఇన్నేళ్ళు నేను ఎంత..." అని ఆగిపోయారు.

"ఎంత చీకటి వేశావో నాకు తెలీదా హైమా? నేను తీసిన ఏ ఫోటోలోనూ పెళ్ళికూతురి వెనక అంత చీకటి లేదు. రంగులు తెలీకపోవచ్చు గానీ, నలుపూ తెలుపూ నాకు తెలీవా? చూసినప్పుడల్లా తెలిసేది, నా కోసమే అని. చెప్తే మానేస్తావేమోనని చెప్పలేదు."

ఆవిడ కొంగు సర్దుకుని, "ఇవాళ్టిది మరి మీకోసం వేయలేదు. బాగుందో లేదో కూడా మీకు తెలీదు" అన్నారు.

"ఎందుకు తెలీదు? దాని ముందు నిలబడ్డ సక్కుబాయి మొహం చూశాను కదా" అన్నారు ఆయన.

హబ్సిగూడ మలుపు తిరిగి నాచారం రోడ్డెక్కేదాకా అత్తగారు ఆయన చెయ్యి తన ఒళ్ళోంచి తీయనివ్వలేదు.